బందరు గాలికి క్రోము: డిజైర్ ప్రాజెక్టు డైరీ

మార్చి చివరి వారం

కారు ఇంటికొచ్చింది. స్విఫ్ట్ డిజైర్ వీడీఐ, 2014 మోడల్, తెలుపు. ఇంజిను గురించి బెంగ లేదు. 1248 సీసీ డీజిలు, ఒక్క సెల్ఫుకే అందుకుంటోంది, పొగ లేదు. మా మెకానిక్ ఆయిలు, ఫిల్టర్లు, ముందు బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు మార్చి, ఇక నడుపుకోమన్నాడు.

నా దిగులంతా పైన అంటించిన సరుకు గురించే. పాత ఓనరు ముచ్చటపడి, ఖాళీ కనిపించిన చోటల్లా క్రోము పెట్టించాడు. డోర్ హ్యాండిళ్లకు తొడుగులు, సైడు అద్దాలకు తొడుగులు, కిటికీల కింద పట్టీలు, హెడ్‌లైట్ల చుట్టూ రింగులు, డీజిలు మూత మీద బిళ్ల, తలుపుల అడుగున వెడల్పాటి బద్దెలు, ముందు క్రోము పూత పూసిన బుల్ గార్డు. సగానికి పైగా పొక్కులు లేచి ఊడుతున్నాయి. సముద్రం పక్క ఊళ్లో ఇంతకంటే బాగా ఎలా ఉంటాయి?

ఈ కారు నాకు ముఖ్యంగా రాత్రి ప్రయాణాలకు కావాలి. బెజవాడలో డ్యూటీ దిగి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు చేరేసరికి బాగా పొద్దుపోతుంది. ఆ రోడ్డు నయం, మధ్యలో డివైడరు ఉంది. చల్లపల్లి, మోపిదేవి వైపు వెళ్లినప్పుడే టెన్షన్. ఎదురుగా వచ్చే లైట్లు నేరుగా కళ్లలో పడతాయి, ముందు పోయే గడ్డి ట్రాక్టరుకు వెనక దీపం ఉండదు.

సామాన్లకు 40,000 పక్కన పెట్టాను. ఆటోనగర్ దగ్గర ఒక యాక్సెసరీస్ షాపులో అడిగితే, పాతవి పీకేసి కొత్త ఫుల్ క్రోము కిట్టు, వీల్ క్యాపులు, బానెట్ మీద స్కూపు, అన్నీ కలిపి 14,000కు చేస్తానన్నాడు. "బండి షోరూం నుంచి దింపినట్టు ఉంటది సార్" అన్నాడు. ఆయన కాగితం మీద రాసిచ్చినదాంట్లో రాత్రిపూట నాకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఇంటికొచ్చి నా కాగితం రాసుకున్నాను: హెడ్‌లైట్లు, టైర్లు, తుప్పు. షరతు కూడా ఒకటి పెట్టుకున్నాను. ఏది తీసినా, ఏది కొన్నా, ముందు కొలవాలి. వోల్టేజీ కొలిచే మల్టీమీటరు, టైరు గాడి లోతు కొలిచే గేజి ఇంట్లోనే ఉన్నాయి.

ఏప్రిల్, మొదటి ఆదివారం: బుల్ గార్డు

చూడ్డానికి అన్నిటికంటే పనికొచ్చే సామాను ఇదేలా ఉంటుంది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను. నేను అడిగిన ప్రతివాళ్లూ "అది ఉండనీ, సేఫ్టీ" అన్నారు.

కారు ముందు భాగాన్ని గుద్దితే నలిగేలాగే తయారుచేస్తారు. బంపరు, దాని వెనక దూలం, ఛాసిస్ కొమ్ముల (ముందుకు పొడుచుకొచ్చిన ఇనప దూలాల) మొనలు వరసగా నలుగుతూ దెబ్బ తీవ్రతను తాము తీసుకుంటాయి, లోపలున్న మనిషిదాకా వచ్చేది తగ్గుతుంది. బుల్ గార్డు ఆ కొమ్ములకే బిగిస్తారు. దెబ్బ ఆ నలిగే వరసను దాటేసి నేరుగా బోల్టుల దగ్గర దిగుతుంది. ఎయిర్‌బ్యాగులున్న కార్లలో అవి ఎప్పుడు విచ్చుకోవాలో తేల్చే లెక్క కూడా తప్పొచ్చు. ఇక ఎదురుగా మనిషో, సైకిలో ఉంటే తగిలేది ప్లాస్టిక్ బంపరు కాదు, ఇనప గొట్టం. ఈ ఒక్క కారణం చాలు నాకు.

చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఈ గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది.

బోల్టులు తుప్పుకు పట్టేశాయి. ఆయిలు కొట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున పైపు రాడ్డు వేసి లాగితే కదిలాయి. గార్డును పాత ఇనుము కొట్టుకు వేశాను. క్రోము లోపల గొట్టం ఎంత పల్చగా ఉందో కోసిన చోట చూస్తే తెలిసింది, బొటనవేలితో నొక్కితే లొంగుతోంది. అది మనిషిని గాయపరచగలదు గానీ కారును కాపాడలేదు.

ఏప్రిల్, రెండో ఆదివారం: పట్టీలు ఊడదీయడం

కారుకు అంటించిన క్రోము ఊడదీయాలనుకునేవాళ్లకు పని జరిగిన తీరు చెబుతాను. స్క్రూడ్రైవరు పెట్టి తన్నొద్దు, పెయింటు పెచ్చు లేస్తుంది. హెయిర్ డ్రయ్యరుతో పట్టీని ఒక చివర నుంచి వేడి చేయాలి. చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి చాలు. డబుల్ సైడ్ టేపు మెత్తబడ్డాక, పట్టీకీ బాడీకీ మధ్య నైలాన్ గాలం తాడు దూర్చి, రంపం లాగినట్టు ఇటూ అటూ లాగాలి. బందర్లో గాలం తాడుకు కొదవా? మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలు చుట్టి తీసేసి, మరకను నీలగిరి తైలంతో తుడిచాను.

కిటికీల కింద పట్టీలు తేలిగ్గానే వచ్చాయి. హ్యాండిల్ తొడుగుల కింద మట్టి పేరుకుపోయి ఉంది. కారు కదిలినప్పుడల్లా తొడుగు సన్నగా వణుకుతుంది, ఆ మట్టి గరుకు కాగితంలా పెయింటును రుద్దుతుంది. నాలుగు హ్యాండిళ్ల మీదా తెల్ల రంగు పోయి కింది ప్రైమరు బయటపడింది. గీతలు పడకుండా కాపాడతాయని చెప్పి అమ్మే తొడుగులివి.

అసలు సంగతి తలుపుల అడుగున ఉంది. ప్రతి తలుపు కింది అంచులో నీళ్లు కారిపోవడానికి కన్నాలుంటాయి. వాన నీరు అద్దం పక్కన రబ్బరు బీడింగు దాటి తలుపు లోపలికి దిగడం మామూలే. అది ఆ కన్నాల గుండా బయటికి పోవాలి. వెడల్పాటి క్రోము బద్దెను అంటించినవాడు దాని అంచును తలుపు కిందికి మడిచి ఆ కన్నాలు మూసేశాడు. డ్రైవరు వైపు తలుపును గట్టిగా ఊపితే లోపల నీళ్ల చప్పుడు! బద్దె లాగగానే గోధుమరంగు నీళ్లు, తుప్పు పొలుసులు, ఆకుల కుళ్లు కలిసి ధారగా కారాయి. అంచు వెంట అరచేతి పొడవున ఇనుము బుడగలు లేచి ఉంది. స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా గీస్తే ఒక చోట లోపలికి దిగింది.

క్రోము నా కంటికి నచ్చకపోవడం వేరు, అది తలుపును తినేయడం వేరు. ఆ రోజు నుంచి నా లెక్క మారింది. ఏ అలంకారం గురించైనా దాని ధర కంటే ముందు, అది దేన్ని మూస్తోందని అడుగుతున్నాను. నీళ్ల దారినా, వెలుతురునా, వేడి పోయే చోటునా?

టింకరింగు అతను కన్నం పడిన చోట చిన్న రేకు ముక్క అతికాడు. మిగతా తుప్పును నేనే గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టరు పూసి, ఎపాక్సీ ప్రైమరు కొట్టాను. కన్నాలను సన్న తీగతో శుభ్రం చేశాను.

ఏప్రిల్ చివర: బాబాయి వచ్చాడు

మా బాబాయి చిలకలపూడిలో కవరింగ్ పనిలో బతికినవాడు. బందరు రోల్డ్ గోల్డ్ గొలుసులు ఎన్ని వేల గజాలు ఆయన తొట్టెల్లో మునిగి తేలాయో. పూత గురించి చెప్పడానికి ఆయనకంటే అర్హుడు నాకు తెలియదు.

ఊడిన ముక్కలన్నీ ముందు పోశాను. ఒక్కోటి విరిచి, విరిగిన అంచును వెలుగులో పెట్టి చూశాడు. "లోపల ఏబీఎస్ ప్లాస్టిక్కురా. దీనికి కరెంటు పారదు. ముందు యాసిడ్‌లో గరుకు చేసి, కరెంటు లేకుండానే పల్చగా లోహం పట్టించి, అప్పుడు రాగి, దానిమీద నికెలు, అన్నిటికీ పైన క్రోము" అని వేలితో పొరలు చూపించాడు. మనం మెరుపు అనుకునేది చాలావరకు నికెలుదేనట. పైన క్రోము పొర మైక్రాను కూడా ఉండదు. అది నికెలు నల్లబడకుండా, గీతలు పడకుండా ఆపుతుంది, ఆ నీలం జీరను ఇస్తుంది. క్రోము పొరలో కంటికి కనిపించని చీలికలుంటాయి. ఉప్పుగాలి తేమ వాటిగుండా దిగి నికెలును తింటుంది. నికెలు తగినంత మందంగా వేసి ఉంటే ఏళ్లు పడుతుంది, పల్చగా వేస్తే రెండు వానాకాలాలు.

రెండు ముక్కల్ని మాత్రం ఆయన పక్కకు తోసేశాడు. అవి అసలు తొట్టెలో మునిగినవే కాదు. వ్యాక్యూమ్‌లో అల్యూమినియం ఆవిరి పట్టించి పైన లక్క కొట్టారు. గోరుతో గీస్తే పొర లేచి వచ్చింది.

బాబాయి ఇంకో మాట కూడా అన్నాడు, అది రాయకుండా ఉండలేను. ఈ పూతకు వాడే ఆరు వేలెన్సీ క్రోమియం ఆవిరి పీల్చినవాళ్ల ముక్కు లోపలి గోడకు రంధ్రం పడొచ్చు, ఊపిరితిత్తుల క్యాన్సరు రావచ్చు. యూరపులో 2017 సెప్టెంబరు నుంచి క్రోమియం ట్రయాక్సైడు వాడాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. సైనైడు తొట్టెల పక్కన బతికిన మనిషికి ఆ భయం ఊరికే రాలేదు. "పని చేసే పూత కోసం ఒకడు ఆ ఆవిరి పీలిస్తే అర్థం ఉంది. డీజిలు మూత మీద బిళ్ల కోసమా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నాన్న అక్కడే కూర్చుని అంతా విన్నారు. ఆయన చాలాకాలం అంబాసిడర్ నడిపారు. "మరి దానికి ముందు వెనక క్రోము బంపర్లే కదా, అప్పుడెవరూ తప్పనలేదే" అన్నారు. నాన్న అన్నది నిజమే. ఉత్తరపరా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైన ఆ బండికి చాలా మోడళ్లలో ఉన్నది ఉక్కు బంపరు. ఉక్కు తుప్పు పడుతుంది కాబట్టి నికెలు, క్రోము పూత దానికి కవచం, అందం కూడా కలిసొచ్చింది. ప్లాస్టిక్కుకు తుప్పే లేదు. దాని మీద క్రోము దేన్నీ కాపాడదు. ఈ తేడా చెబితే నాన్న తలూపారు గానీ, "ఒక్కటైనా ఉంచరా, మరీ బోసిగా ఉంది" అన్నారు.

ఒకటి ఉంచాను. డిక్కీ మీద, నంబరు ప్లేటు పైనున్న పట్టీ. అది టేపుతో కాక స్క్రూలతో బిగించి ఉంది, కింద నీళ్లు నిలవవు, ప్లేటు దీపానికి అడ్డం రాదు, పూత కూడా మంచిదేనని బాబాయి తేల్చాడు. ముందు గ్రిల్లు కంపెనీది, దాన్ని ముట్టుకోలేదు.

మే: హెడ్‌లైట్లు

ప్రాజెక్టు మొత్తంలో నేను ఎక్కువ మనసు పెట్టింది ఇక్కడే.

ముందు క్రోము రింగులు తీశాను. అవి లెన్సు అంచును చుట్టూ వేలెడు మేర కప్పేశాయి. కప్పిన చోట లెన్సు ప్లాస్టిక్కు (పాలికార్బొనేటు) కొత్తదానిలా ఉంది, మిగతాది పసుపు తిరిగింది. వేల రూపాయలు పోసి లైటు చుట్టూ మెరుపు పెట్టించారు, లైటు మాత్రం మసకబారిపోయింది. లెన్సు చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, 1000, 1500, 2000, 3000 నంబరు వాటర్ పేపర్లతో వరసగా, నీళ్లు చల్లుకుంటూ తీశాను. మొదటి పేపరుకు పసుపు పాలలా కారుతుంది, లెన్సు పూర్తిగా తెల్లబడి భయం వేస్తుంది. కంగారు పడొద్దు, 3000 దాటి పాలిష్ చేసేసరికి గాజులా తేరుకుంటుంది. టూత్‌పేస్టుతో రుద్ది వదిలేస్తే కొన్నాళ్లకే మళ్లీ పసుపు, ఎందుకంటే కంపెనీ వేసిన యూవీ పూత ఎండకు ఎప్పుడో పోయింది. దానికి బదులు యూవీ క్లియరు స్ప్రే తప్పనిసరి. సామగ్రి మొత్తం 900.

తర్వాత మల్టీమీటరు. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. లో బీమ్ వేసి బల్బు హోల్డరు దగ్గర కొలిస్తే ఎడమ 12.2, కుడి 11.9. హాలోజెన్ బల్బు వెలుతురు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా తగ్గుతుంది. వోల్టేజీలో 10 శాతం పోతే వెలుతురులో 30 శాతం పోతుంది. అంటే కుడి లైటు తన వెలుతురులో 40 శాతానికి పైగా వైరులోనే పోగొట్టుకుంటోంది. బండి పదేళ్లు దాటింది, ఉప్పుగాలికి కనెక్టర్లలో పచ్చగా చిలుము పట్టింది, కరెంటంతా స్టీరింగు పక్కనున్న స్విచ్చి గుండా అంత దూరం తిరిగి రావాలి.

దీనికి మందు రిలే కిట్టు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి. స్విచ్చి రిలేను మాత్రమే లేపుతుంది, బల్బులకు కరెంటు బ్యాటరీ నుంచి లావు వైరు మీద నేరుగా, ఫ్యూజు గుండా వస్తుంది. ఒరిజినల్ వైరు ఒక్కటి కూడా కోయనక్కర్లేదు.

కిట్టు కొనేటప్పుడే అసలు పాఠం దొరికింది. ఒకే రకంగా కనిపించేవి రెండు తెచ్చాడు షాపువాడు, ఒకటి 550, ఒకటి 1,400. చవకదాని వైరు చివర బ్లేడుతో గీశాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం! అదే మందం అల్యూమినియం వైరు రాగి మోసినంత కరెంటు మోయలేదు, వేడెక్కుతుంది, క్రింపు చేసిన చోట సడలుతుంది, తేమ తగిలితే అక్కడే తెల్లగా పూస్తుంది. ముక్క తెచ్చి బాబాయికి చూపిస్తే పెద్దగా నవ్వాడు, "ఇదీ కవరింగేరా!" అని. బానెట్ కింద, ఎవరికీ కనిపించని చోట, పని చేసే సామాను పేరుతో అమ్మేది కూడా పైపూతే కావచ్చు. అప్పటినుంచి పనికొచ్చేదా, అలంకారమా అన్నది ప్యాకెట్టు మీద చదివి నమ్మడం మానేశాను. బానెట్ మీద అంటించే స్కూపుకు లోపల రంధ్రమే ఉండదు. టేపుతో నిలబడే రూఫ్ రెయిలు మీద సూట్‌కేసు కూడా కట్టలేం. అవి నల్ల రంగులో ఉన్నా నా దృష్టిలో క్రోము జాబితాలోనివే.

1,400ది బిగించాను. రిలేలను నోరు కిందికి వచ్చేలా పెట్టాను, నీళ్లు నిలవకుండా. ఎర్త్ బిగించే చోట పెయింటు గీకి, బిగించాక గ్రీజు రాశాను. మళ్లీ కొలిస్తే రెండు వైపులా 13.6. కుడి లైటుకు ఇది దాదాపు ఒకటిన్నర రెట్ల వెలుతురు, బల్బు మాత్రం మామూలు 60/55 వాట్ల హెచ్4 (హై, లో బీమ్‌లకు రెండు ఫిలమెంట్లుండే రకం).

100/90 వాట్ల బల్బులు వేయమని చాలామంది చెప్పారు. వేయలేదు. ఆ వేడికి హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టరు పూత మసకబారుతుంది. ఎల్ఈడీ బల్బులూ వద్దనుకున్నాను. హెచ్4 బల్బులో లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దోనె ఉంటుంది. అది కింది వెలుతురును ఆపి, రిఫ్లెక్టరు పైసగానికే పంపుతుంది, ఎదుటివాడి కళ్లలో పడని గీత అలా తయారవుతుంది. వెలుతురు పుట్టే చోటు మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఆ గీత చెదురుతుంది. మోపిదేవి రోడ్డులో నన్ను గుడ్డివాణ్ణి చేసే లైట్లు చాలావరకు అవే. ఇంకొకడి కళ్లకు నేను అదే చేయను.

గోడకు 5 మీటర్ల దూరంలో కారు నిలిపి, డ్రైవరు సీట్లో తమ్ముణ్ణి కూర్చోబెట్టి, డాష్‌బోర్డులో లెవలింగ్ చక్రం సున్నా దగ్గర పెట్టి, గీత లైటు మధ్య ఎత్తుకంటే 5, 6 సెంటీమీటర్లు కిందికి వచ్చేలా స్క్రూలు తిప్పాను. ఎడమ వైపు గీత కాస్త పైకి లేస్తుంది. అది రోడ్డు పక్క నడిచేవాళ్లను చూపించడానికే.

జూన్: టైర్లు

దీని గురించి ఎక్కువ రాయడానికి ఏమీ లేదు. పాతవాటి గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల హద్దు కంటే ఎక్కువే ఉంది, షాపువాడు ఇంకో ఏడాది నడుస్తాయన్నాడు. కానీ పక్కన అచ్చు 2216, అంటే 2016లో 22వ వారం. గోడలు బీటలిచ్చాయి. 165/80 ఆర్14 సైజు బదులు కాస్త వెడల్పైన 185/70 ఆర్14 వేయించాను. చుట్టు తేడా ఒక శాతం లోపే, స్పీడోమీటరు లెక్క చెడదు, అదే రిమ్ము సరిపోతుంది. నాలుగూ, అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు కలిపి 21,000 దాటింది. మొత్తం డబ్బులో సగానికి పైగా వెళ్లినా, రోడ్డును తాకే సామాను అదొక్కటే. క్రోము వీల్ క్యాపులు వద్దన్నాను, ఇనప రిమ్ములకు వెండి రంగు కొట్టించాను.

జులై, వానలు పట్టాక

నిన్న రాత్రి ఉయ్యూరు దాటాక కుండపోత. గడ్డి ట్రాక్టరు వెనక చివర, దీపం లేకుండా, ఇంతకుముందు కనిపించే దూరం కంటే చాలా ముందే కనిపించింది. తాపీగా పక్క లేనులోకి వెళ్లాను. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి వంకర పోలేదు. సైడు అద్దాల తొడుగులు లేవు కాబట్టి వెనక లారీ లైటు వాటి అంచుల మీద పడి కళ్లలోకి కొట్టడం కూడా పోయింది. ఈ లాభం నేను ముందు ఊహించలేదు.

పొద్దున తలుపుల కింద వేలు పెట్టి చూశాను. నాలుగింటి కన్నాల నుంచీ నీళ్లు కారుతున్నాయి.

మిగిలిన పని: డ్రైవరు తలుపు లోపలి అతుకు మీద కేవిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టాలి, దానికి డోర్ ట్రిమ్ము విప్పాలి, రెండు రోజులు ఎండ కావాలి. వైపర్ బ్లేడ్లు ఈ వారమే. వెనక మడ్ ఫ్లాపులకు కొలతలు తీసుకున్నాను. నాన్న తన వంతుగా డిక్కీ పట్టీని రోజూ గుడ్డతో తుడుస్తున్నారు. ఉప్పు పేరుకోకపోతే అది ఇంకొన్నేళ్లు నిలుస్తుందని బాబాయి చెప్పాడట.